వైరు లేని డిస్కు

గురజాల,
3 నవంబరు 2025

అమ్మాయ్ సాహితీ,

మోకాలు తప్ప మిగతా ఒళ్లంతా నా మాట వింటోంది కనుక నేను బాగున్నట్టే. నువ్వూ, మీ అమ్మా కులాసాగా ఉండాలి.

ఫోన్ చేయకు. చేసినా "ఆఁ, ఆఁ" అనడం తప్ప నాకు ఒక్క ముక్క అందదు. ముప్పై రెండేళ్లు కారం మర పక్కన నిలబడిన చెవులివి. ఉత్తరమే రాయి.

విషయం కంప్యూటర్ గురించి. 2013లో నువ్వు నీ చేతులతో బిగించి ఇచ్చినదే. ఇప్పుడు తెరవగానే, ఈ సిస్టంకు ఇక కంపెనీ సాయం ఉండదనీ, కొత్తది వేసుకోమనీ, అయితే ఈ యంత్రానికి ఆ కొత్తది వేసుకొనే అర్హత లేదనీ ఒకేసారి చెబుతోంది. పెళ్లికి పిలిచి గుమ్మంలో ఆపినట్టుంది.

కొత్తది నాకెందుకంటావేమో. మాటను విని తెలుగులో అక్షరాలుగా చూపించే ప్రోగ్రాం ఒకటి వచ్చిందని పేపర్లో చదివాను. అది కొత్త సిస్టం మీదే నడుస్తుందట.

మీ అత్తయ్య 2021 అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఆ కంప్యూటర్ ముందు కూర్చుని మైకులో మాట్లాడేది. అంతకు ముందు నాకేదైనా చెప్పాలంటే అరిచేది. "నీకో ముక్క చెప్పాలంటే బజారు మొత్తానికి చెప్పాల్సొస్తంది" అని తిట్టేది. జబ్బు చేశాక అరిచే ఓపిక పోయింది. సంతకం వరకే నేర్చిన మనిషి కనుక రాసి ఇవ్వలేదు. ఒక వేసవిలో నువ్వు నేర్పిన ఎర్ర బొత్తం నొక్కి చెప్పుకొనేది. ఎవరికని సైగ చేస్తే నావైపు వేలు చూపించేది.

అలా ఇరవై మూడు రికార్డింగులున్నాయి. ఆమె పోయి నాలుగేళ్లు కావస్తోంది. ఒక్కటి కూడా నేను వినలేదు, వినలేను. ఆడిస్తే తెర మీద గీతలు లేస్తూ పడుతూ పోతుంటాయి. చూస్తూ కూర్చుంటాను. దగ్గు ఎక్కడ వచ్చిందో మాత్రం గుర్తు పట్టగలను.

ఎవరినైనా విని చెప్పమనవచ్చు. మనసొప్పలేదు. నాకని చెప్పిన మాటలు ముందుగా ఇంకొకరి చెవిన పడటం బాగుండదు. నీ చెవిన కూడా. కోపం తెచ్చుకోకు.

నీ మామయ్య,
లక్ష్మీనరసయ్య


విశాఖపట్నం,
11 నవంబరు 2025

మామయ్యకు నమస్కారాలు.

కోపం లేదు. మీ స్థానంలో ఉంటే నేనూ అదే అనేదాన్ని.

కొత్త సిస్టం మీ కంప్యూటర్‌లో వేయవచ్చు. మా ఆసుపత్రి ల్యాబులో రక్తపరీక్షల యంత్రాలకు కట్టిన కంప్యూటర్లు కొన్ని మీ దానికంటే పాతవి. వాటిని నడిపిస్తూ ఉండటమే నా ఉద్యోగం. అర్హత అన్నది మొదట్లో జరిగే ఒక పరీక్ష. ప్రాసెసర్ ఏ తరానిదో, బోర్డు మీద భద్రత కోసం ఒక చిప్పు ఉందో లేదో చూస్తుంది. మీ దానిలో రెండూ తప్పుతాయి. ఆ పరీక్షను దాటవేసే విధంగా పెన్‌డ్రైవ్ తయారు చేయవచ్చు. వేశాక మామూలుగానే నడుస్తుంది. అయితే కంపెనీ హామీ ఏదీ ఉండదు, ఏడాదికో మారు వచ్చే పెద్ద మార్పులను చేత్తో వేసుకోవలసి ఉంటుంది.

నేను వేసిన పాత సిస్టం ముప్పై రెండు బిట్ల రకం. కొత్తది దాని మీదుగా ఎక్కదు. పాతది పూర్తిగా తీసి, ఖాళీ చేసి వేయాలి. కనుక రెండు విన్నపాలు. జనవరి నెలాఖరుకు నాకు సెలవు దొరుకుతుంది, వచ్చి నేనే చేస్తాను, అంతవరకు ఆగండి. ఆగలేకపోతే, మీ బజారులో కంప్యూటర్లు బాగుచేసే జాన్ సాహెబ్ గారి చేత రికార్డింగులకు ఒక నకలు తీయించండి. నకలు లేకుండా నేను ఏ యంత్రాన్నీ ముట్టుకోను.

అమ్మ మిమ్మల్ని అడిగినట్టు రాయమంది. మోకాలికి నువ్వుల నూనె రాస్తున్నారా అని కూడా.

సాహితి


గురజాల,
18 నవంబరు 2025

అమ్మాయ్ సాహితీ,

నూనె రాస్తున్నానని మీ అమ్మకు చెప్పు. రాయడం లేదు, అయినా చెప్పు.

రెండు విన్నపాలకూ నా జవాబు ఒకటే, కుదరదు. పుష్యమాసంలో మీ అత్తయ్య ఆబ్దికం. ఈసారి ఆమె ఏమన్నదో చదువుకుని ఆ పీట మీద కూర్చోవాలని నా కోరిక. నాలుగేళ్లుగా జవాబు చెప్పని మనిషిలా కూర్చుంటున్నాను.

ఇక నకలు. నకలంటే ఇంకొకరి చేతిలో పడగల వస్తువు. జాన్ సాహెబ్ మంచివాడే. కానీ వాడి షాపులో రోజంతా స్పీకర్లు మోగుతుంటాయి. ఏ ఫైలు ఎప్పుడు మోగుతుందో వాడికే తెలియదు.

ఏం చేయాలో వరుసగా రాసి పంపు. అక్షరం తప్పకుండా చేస్తాను. మరలో నలభై రకాల బోల్టులు ఎవరి సాయం లేకుండా విప్పి బిగించినవాణ్ణి.

లక్ష్మీనరసయ్య


విశాఖపట్నం,
27 నవంబరు 2025

మామయ్యకు నమస్కారాలు.

ఆర్టీసీ పార్శిల్‌లో పెన్‌డ్రైవ్, చిన్న స్క్రూడ్రైవర్, ఈ ఉత్తరం కలిపి పంపుతున్నాను.

నకలు వద్దన్నారు కనుక అంతకంటే గట్టి కాపుదల ఒకటి చెబుతాను. మీ కంప్యూటర్‌లో డిస్కులు రెండు. చిన్నదానిలో పాత సిస్టం ఉంది. పెద్దది నా మొదటి జీతంతో కొని బిగించినది. దాని మీద నా చేతిరాతతో "సాహితి, జూన్ 2013" అన్న తెల్ల కాగితం అంటించి ఉంటుంది. తెరపై డి అని కనిపించేది అదే. రికార్డింగులు డి లోనే ఉన్నాయని మీరు లోగడ చెప్పారు. కరెంటు తీసేసి, క్యాబినెట్ ఎడమవైపు పలక విప్పి, నా పేరున్న డిస్కు వైర్లు పీకేయండి. వైరు లేని డిస్కును ఏ ప్రోగ్రామూ చూడలేదు, చెరపలేదు.

తరువాత పెన్‌డ్రైవ్ పెట్టి ఆన్ చేయండి. కొంతసేపటికి డిస్కుల పట్టిక వస్తుంది. అందులో ఒకే డిస్కు కనిపించాలి. రెండు కనిపిస్తే అక్కడే ఆపి నాకు రాయండి. ఒకటే ఉంటే, దాని కింద ఎన్ని వరుసలున్నా ఒక్కొక్కటే ఎంచుకుని తొలగించండి. చివరకు ఖాళీ జాగా అన్న ఒకే వరుస మిగలాలి. దాన్ని ఎంచుకుని ముందుకు వెళ్లండి. ఆపై గంట సేపు మీ పని ఏమీ ఉండదు.

ఈ వరుస తప్పవద్దు. మధ్యలో ఎవరి సలహాలూ తీసుకోవద్దు. సగం తెలిసినవాళ్లు చెప్పే మాటల వల్లనే మా దగ్గర ఎక్కువ నష్టాలు జరుగుతాయి.

సాహితి


గురజాల,
4 డిసెంబరు 2025

సాహితీ,

కార్డు మీద రాస్తున్నాను, సర్దుకో. పార్శిల్ అందింది. పలక విప్పాను. నీ పేరున్న డిస్కు కనిపించింది. కాగితం కొంచెం పసుపెక్కింది గానీ అక్షరాలు చెదరలేదు. దానికి వైరు లేదు. అలా ఉంటేనే మంచిదని గదా నువ్వు రాసింది? ఒకసారి అవునని రాయి, మొదలుపెడతాను.

లక్ష్మీనరసయ్య


విశాఖపట్నం,
9 డిసెంబరు 2025

మామయ్యా,

అవును, అలా ఉంటేనే మంచిది. మా ల్యాబులో చదువుకున్నవాళ్లు కూడా ఇంత జాగ్రత్తగా చేసి, ఆగి, అడగరు. నిశ్చింతగా మొదలుపెట్టండి. రేపటి నుంచి పది రోజులు హైదరాబాద్‌లో శిక్షణలో ఉంటాను, జవాబు ఆలస్యమైతే కంగారు పడవద్దు.

సాహితి


గురజాల,
16 డిసెంబరు 2025

అమ్మాయ్ సాహితీ,

ఆదివారం పొద్దున స్నానం చేసి మొదలుపెట్టాను. డిస్కు ఒకటే కనిపించింది. దాని కింద నాలుగు వరుసలు. అందులో ఒకటి చాలా పెద్దది. దాని దగ్గర నా వేలు కొంచెంసేపు ఆగింది. నీ కాగితం మళ్లీ మొదటి నుంచి చదివాను. ఎన్ని వరుసలున్నా అన్నావు. తొలగించాను.

మధ్యాహ్నానికి కొత్త సిస్టం వచ్చింది. నీలం రంగు, గుండ్రటి మూలలు, చాలా శుభ్రంగా ఉంది. అర్హత గురించి ఒక్క మాట అడగలేదు. ఆ అక్షరాల ప్రోగ్రాం కూడా ఎక్కింది. మైకులో "నా పేరు లక్ష్మీనరసయ్య" అన్నాను. తెర మీద తప్పు లేకుండా వచ్చింది. నా గొంతును నేను చూసి చాలా కాలమైంది.

అంతా బాగుంది. డి మాత్రం లేదు. అత్తయ్య ఫైళ్లు ఎక్కడ చూడాలి?

లక్ష్మీనరసయ్య


విశాఖపట్నం,
24 డిసెంబరు 2025

మామయ్యకు నమస్కారాలు.

హైదరాబాద్ నుంచి రాగానే మీ ఉత్తరం చూసి ఇంట్లో పెద్దగా నవ్వాను, సంతోషంతో. డి లేకపోవడం సహజమే. కరెంటు తీసి, నా పేరున్న డిస్కుకు వైర్లు మళ్లీ తగిలించండి, వచ్చేస్తుంది. వైర్ల చివర ఇంగ్లీషు ఎల్ ఆకారంలో ఉండే మూతులు రెండు, వెడల్పుది కరెంటుకు, సన్నది బోర్డుకు.

ఒక్కటి మాత్రం నాకు అంతుపట్టలేదు. చిన్న డిస్కులో "చాలా పెద్ద వరుస" ఎక్కడిది? అంకె ఎంత ఉందో గుర్తుంటే రాయండి.

సాహితి


గురజాల,
31 డిసెంబరు 2025

సాహితీ,

అంకె గుర్తుంది. ఎనిమిది వందల చిల్లర. ఇది రాయడానికి మూడు కాగితాలు చించాను.

నీ డిస్కు 2019 వేసవిలోనే పోయింది. కంప్యూటర్ తెరుచుకోకపోతే జాన్ సాహెబ్‌ను పిలిచాను. నాతో మాట్లాడాలంటే వాడు కాగితం మీద రాసి చూపిస్తాడు. "అరిస్తే బజారంతా ఇంటది, రాస్తే నా తప్పులు చూసి నువ్వు నవ్వుతావు, నీతో బేరం ఎట్లా బాబాయ్" అని వాడి బాధ. ఆ రోజు రాశాడు, "పెద్ద డిస్కు సచ్చిపోయింది. చిన్నది కూడా పోబోతంది. రెంటికీ బదులు కొత్తది ఒకటే ఏస్తా. సి, డి రెండూ దాంట్లోనే చేస్తా."

సరేనన్నాను. పాతవి రెండూ తీసి సంచిలో వేసుకోబోతుంటే చేయి పట్టుకున్నాను. "ఒరేయ్, ఆ పేరున్నది ఎక్కడిదక్కడ బిగించు." "అది పనికిరాదు బాబాయ్" అని రాశాడు. "పనికిరాకపోయినా సరే. మా అమ్మాయి మొదటి జీతం అది. ఎప్పుడైనా వచ్చి మూత తీస్తే ఉండాలి." నవ్వుకుంటూ వైరు లేకుండా బిగించి పోయాడు. మీ అత్తయ్య మాత్రం, "పిల్లకు చెప్తే ఏమైద్ది? ఇంకోటి కొనిస్తది" అని అరిచింది. అందుకే చెప్పలేదు. నువ్వు ఇంకోటి కొంటావనీ, నీ వస్తువు ఆరేళ్లకే పోయిందని నొచ్చుకుంటావనీ.

నీ ఉత్తరం చదివినప్పుడే అనుమానం వచ్చింది. పోయిన డిస్కులో ఆమె మాటలు ఎలా ఉంటాయి? అడగాలంటే దాచిన సంగతి చెప్పాలి. చెప్పకుండా అడుగుదామని కార్డు రాశాను. నువ్వు అవునన్నావు. యంత్రాల సంగతి నాకంటే నీకు తెలుసు గదా, డి అన్నది ఎక్కడున్నా దానిలోకి వచ్చి చేరుతుందేమోనని నమ్మాను. నమ్మానని కూడా కాదు. నమ్మితే చెప్పనక్కరలేదని నమ్మాను.

నేను తొలగించిన ఆ పెద్ద వరుసే డి అని ఇప్పుడర్థమైంది. కంప్యూటర్ ఆపేశాను. జాన్ సాహెబ్ చేత డిస్కు విప్పించి దీనితో పాటు పంపుతున్నాను. ఏమైనా చేయగలవేమో చూడు.

లక్ష్మీనరసయ్య


విశాఖపట్నం,
13 జనవరి 2026

మామయ్యకు,

మెత్తగా చెప్పే దారి వెతికాను, దొరకలేదు. డిస్కులో ఏమీ మిగలలేదు. పాతకాలపు డిస్కు అయి ఉంటే చెరిపిన చోట ఆనవాళ్లు ఉండేవి. ఇది తిరిగే పళ్లెం లేని కొత్త రకం. ఖాళీ అని చెప్పిన చోటును కొద్దిసేపట్లో తనంతట తానే తుడిచేసుకుంటుంది. నాకు తెలిసిన నాలుగు పద్ధతులూ చేశాను. ఈ పనే వృత్తిగా ఉన్న ఒకాయనకు చూపించాను. ఆయన ఐదు నిమిషాల్లో తిరిగి ఇచ్చేశారు. డిస్కును దీనితో పాటు వెనక్కి పంపుతున్నాను.

తప్పు మీదని మీరు రాసినట్టుంది. తప్పు నాది. పన్నెండేళ్ల కిందటి యంత్రాన్ని జ్ఞాపకంలో పెట్టుకుని ఇప్పటి యంత్రానికి కాగితం రాశాను. ఒకే డిస్కు కనిపించాలన్నానే గాని, దాని అంకె ఎంతో చూసి రాయమనలేదు. ఎవరి సలహా తీసుకోవద్దని జాన్ సాహెబ్ గారి నోరు కూడా నేనే కట్టేశాను. ఆయనకు ఫోన్ చేస్తే ఇంకొకటి తెలిసింది. 2019లో ఆయన వేసిన సిస్టం అరవై నాలుగు బిట్లదట. అంటే కొత్తది దాని మీదుగానే ఎక్కేది. ఏ వరుసనూ తొలగించే అవసరమే లేదు.

నకలు లేకుండా ముట్టుకోనని మీకు రాసి, పదహారు రోజుల తరువాత నేనే ముట్టుకోమని పంపాను. గురజాల ఇక్కడి నుంచి ఒక పూట ప్రయాణం. సెలవు లేదన్నాను, హైదరాబాద్‌కు మాత్రం పది రోజులు వెళ్లాను.

ఆ డిస్కు పోయిందని మీరు చెప్పి ఉంటే నేను నొచ్చుకొనేదాన్ని కాదు మామయ్యా. డిస్కులు ఆరేళ్లకు పోతాయి.

సాహితి


గురజాల,
23 జనవరి 2026

అమ్మాయ్ సాహితీ,

ఆబ్దికం జరిగింది. పిండాలు పెడుతున్నంతసేపూ తల ఎత్తలేదు. అయ్యవారు నాకు నడుము నొప్పి అనుకున్నారు.

నిన్న జాన్ సాహెబ్ వచ్చాడు. నీ ఫోన్ తరువాత షాపంతా వెతికాడట. ఒక పాత పెన్‌డ్రైవ్ చూపించి కాగితం మీద రాశాడు. మీ అత్తయ్య ఉన్నప్పుడు మైకు సన్నగా వినిపిస్తోందని వాణ్ణి పిలిపించిందట. వైరు మార్చి, ఒకసారి మాట్లాడి చూడమని, ఆ ఫైలును షాపులో పెద్ద స్పీకరు మీద పరీక్షించడానికి పట్టుకుపోయాడట. తేదీ 9 నవంబరు 2021. "ఇన్నావా?" అని అడిగాను. వాడు రాసిన మాట ఇది: "మొదటి రెండు ముక్కలు ఇన్నా బాబాయ్. పిన్ని నీతో మాట్టాడతందని అర్థమై ఆపేసినా. అబద్ధమైతే నా షాపు మూసుకుంటా."

నువ్వు తిప్పి పంపిన డిస్కును వాడు మళ్లీ బిగించి పోయాక, ఆ ఫైలును కొత్త ప్రోగ్రాంకు ఇచ్చాను. నా పేరు అంత శుభ్రంగా రాసిన యంత్రం ఆమె మాటకు తెల్లమొహం వేసింది. మూడుసార్లు ఇస్తే మూడు రకాలుగా రాసింది. ఒకసారి పొలాల గురించి, ఒకసారి ఎవరో సీతమ్మ గురించి. ఆమె పలుకు దానికి కొత్త, గొంతు సన్నం, మధ్యలో దగ్గు.

ఇంకొకరి చెవిన పడకూడదని మొదటి ఉత్తరంలో రాశాను. ఇప్పుడు నేనే అడుగుతున్నాను. విని, ఉన్నది ఉన్నట్టు రాసి పంపు. సర్దవద్దు. పెన్‌డ్రైవ్ దీనితో వస్తోంది. జాన్ సాహెబ్ దగ్గర ఒకటి, నా దగ్గర ఒకటి నకళ్లున్నాయి.

లక్ష్మీనరసయ్య


విశాఖపట్నం,
2 ఫిబ్రవరి 2026

మామయ్యకు నమస్కారాలు.

తలుపు వేసుకుని, ఇంట్లో ఎవరూ లేనప్పుడు విన్నాను. మొత్తం ఒక నిమిషం పన్నెండు సెకన్లు. ఆగుతూ, వెనక్కి వెళుతూ పదిసార్లు విని రాసింది ఇది. ఒక్క మాట చేర్చలేదు, తీయలేదు.

"ఆఁ... ఎర్రదీపం ఎలిగింది. జానూ, నువ్వు బయటుండు నాయనా, అయినాక నేను పిలుస్తాలే. (తలుపు చప్పుడు.) ఏమయ్యో, ఇనపడతందా? నీకేం ఇనపడుద్దిలే, ఈ పెట్టెకు ఇనపడితే చాలు. నిన్న చెప్పిందంతా ఎక్కిందో లేదో. గీతలు చీమలబారు మాదిరి సన్నగా పోయినయ్యి. అందుకని జాన్ని పిలిపిచ్చినా. ఇయ్యాల చూడు, చానా పెద్దగా పడతన్నయ్. (దగ్గు, కొంచెంసేపు.) నిన్నటి మాట మళ్లా చెప్పమంటావా ఏంది? చెప్పను. సిగ్గేస్తది. నలభై ఏళ్లు కాపరం చేసి, ఇప్పుడా ఈ మాట చెప్పేదని నాకే నవ్వొచ్చింది. ఎక్కుంటే ఇంటావు. ఎక్కకపోతే పోయిందిలే. ఉండు, పొయ్యి మీద పాలు పెట్టొచ్చినా..."

ఇక్కడితో ఆగింది.

ముందు రోజు ఫైలు ఆ ఇరవై మూడింటిలో ఉండి ఉంటుంది. అది నా దగ్గర లేదు. సిగ్గేస్తది అన్నచోటి నుంచి చివరి వరకు రాయకుండా వదిలేద్దామని రెండు రోజులు అనుకున్నాను. సర్దవద్దన్నారు కనుక రాశాను.

ఆ మాట ఏమిటో నేను ఊహించగలను, మీరూ ఊహించగలరు. కానీ ఊహను ఆమె మాటగా రాసి పంపే హక్కు నాకు లేదు.

ఈ శనివారం బయలుదేరి వస్తున్నాను. సెలవు అడగలేదు, వస్తున్నానని చెప్పాను.

సాహితి


గురజాల,
9 ఫిబ్రవరి 2026

అమ్మాయ్ సాహితీ,

నువ్వు బస్సెక్కిన పూటే ఇది రాస్తున్నాను. ఎదురుగా ఉన్నప్పుడు చెప్పలేకపోయాను.

నీ కాగితం చదివాక పాత క్యాలెండరు తీసి చూశాను. నవంబరు తొమ్మిదికి ముందు రోజు నాగులచవితి. అందుకని ఆ రోజు నాకు బాగా గుర్తుంది. పుట్టలో పాలు పోసి వచ్చి, అరుగు మీద కూర్చుని మర జల్లెడకు కొత్త వల బిగిస్తున్నాను. మధ్యాహ్నం దాటాక ఆమె లోపలి నుంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. మొహం కడుక్కుని, మంచి చీర కట్టుకుని ఉంది. పండగ కదా, అనుకున్నాను. కాసేపు నన్నే చూసింది. ఏందని సైగ చేశాను. ఏమీ లేదని తల అడ్డంగా ఊపింది గాని, లోపలికి పోలేదు.

చేతిలో వల సాగదీసి పట్టుకుని ఉన్నాను. వదిలితే మళ్లీ మొదటి నుంచి బిగించుకోవాలి. నేను జల్లెడ మీదికి వంగాను.

లక్ష్మీనరసయ్య